తొమ్మిది రోజులు నాలుగూళ్లు చూసొచ్చి క్లాసులో చెప్పడం తప్పా?

గోదారి మాస్టారు:
పందొమ్మిదేళ్లుగా కాకినాడ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. విజయవాడ దాటింది మాత్రం ఈ సంక్రాంతికే. ఢిల్లీ, జైపూర్, కాశీ, కలకత్తా.

టీవీలో ధర్నాలు చూసి ఢిల్లీ జంతర్ మంతర్ అంటే ఏదో మైదానం కాబోలనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఆకాశంలోకి పోయే ఎర్రటి మెట్లు, నీడని బట్టి టైము చెప్పే కట్టడం! పొద్దున్న పదైనా పొగలో సూర్యుడు లేడు, ఇక నీడెక్కడ? పండగ రోజు జైపూర్లో మాత్రం మంచి ఎండ, నెత్తిమీద లెక్కలేనన్ని గాలిపటాలు. అక్కడి జంతర్ మంతర్లో సామ్రాట్ యంత్రమనే నీడ గడియారం 27 మీటర్ల ఎత్తు. దాని నీడ నిమిషానికి ఆరు సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. రాతి మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను, చూస్తుండగానే నీడ చేతిమీదకి ఎక్కేసింది. నీడ చూపించే టైము ఫోన్లో టైముకి 36 నిమిషాలు వెనకుంది. కాశీలో పడవవాళ్లు మా వాలకం చూసి తెలుగులోనే పిలిచారు. కలకత్తాలో ఐదుంపావుకే పొద్దు గుంకింది. మనిషి లాగే రిక్షా ఎక్కడానికి కాళ్లు రాలేదు.

ఇదంతా క్లాసులో చెప్పాను, పొగతో సహా. తోటి మాస్టారొకాయన "తొమ్మిది రోజుల చూపుతో పిల్లల బుర్రలు పాడుచెయ్యకండి" అన్నారు. మీరేమంటారు?

యమున ఇవతల:
ఆయన అన్నదే కరెక్ట్. పదహారేళ్లుగా ఢిల్లీలో ఉంటున్నా. జనవరిలో రెండ్రోజులొచ్చిన ప్రతివాడూ పొగ గురించే రాస్తాడు. మార్చిలో రండి, బూరుగు చెట్లు ఎర్రగా పూసుంటాయి. 2002 నుంచి మెట్రో నడుస్తోంది, దాని గురించి ఒక్క ముక్క లేదు. నేను కాకినాడ బస్టాండు మాత్రం చూసి, గొట్టం కాజా తినకుండా వెళ్లిపోయి, మా పిల్లలకి మీ ఊరి గురించి పాఠం చెబితే ఊరుకుంటారా?

సున్నా తేడా:
36 నిమిషాలా? దేశమంతా గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. జైపూర్ 75.8 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే 27. మాస్టారే ఇలా చెబితే ఎలాగండీ?

కూరల బండి:
పొగని పొగ అనకుండా సాంబ్రాణి అనాలా?

గోదారి మాస్టారు:
@సున్నా తేడా, ఫోను, నీడ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. 36.
@యమున ఇవతల, మెట్రో ఎక్కాను, బాగుంది. రాయలేదు, అంతే. నేను చూసిందే నేను చెప్పగలను కదా.

యమున ఇవతల:
అదే నా బాధ. మా అబ్బాయి సెలవులకు ఊరొస్తే పిల్లలు "ఒరే పొగోడా" అని పిలిచారు. వాడు మళ్లీ ఊరు రానన్నాడు. ఏ మాస్టారు ఏ క్లాసులో ఏం చెప్పారో నాకు తెలీదు. ఎవరో చెప్పే ఉంటారు.

సున్నా తేడా:
27. అక్కడ గైడు తప్పు చెప్పుంటాడు, మీరు నమ్మారు.

లెక్కల టీచరమ్మ:
ఇద్దరిదీ నిజమే. రేఖాంశం తేడా 27. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం ఏడాదంతా ఒకేలా ఉండదు, పైగా ఇరుసు వంగి ఉంది. అందుకని జనవరి మధ్యలో నీడ గడియారం ఇంకో తొమ్మిది నిమిషాలు వెనకబడుతుంది. దసరా సెలవులకు వెళ్లుంటే తేడా అటు తగ్గి పధ్నాలుగు నిమిషాల దగ్గర ఉండేది.

సున్నా తేడా:
ఆ తొమ్మిది సంగతి ఆయన రాయలేదుగా. కాబట్టి నా అభ్యంతరం అలాగే ఉంది.

చెర్వుకట్ట:
గంట సంది నిమిషాలు లెక్కవెడుతున్రు. సార్, నీడ మీద చెయ్యి మీరు వెట్టిన్రు. పిల్లలు వెట్టిన్రా? మేం పదోతరగతిల ఉన్నప్పుడు బస్సు టూరుకు మనిషికి 800 అన్నరు. మా నాయిన దగ్గర లేవు. పదకొండు మందిమి బడిల్నే కూసున్నం. సారు తిరిగొచ్చి వారం దినాలు అదే ముచ్చట. గోల్కొండల చప్పట్లు కొడితే పైదాంక వినవడ్తదట. గా చప్పట్లు నాకిప్పటికీ వినవడ్తయి.

గోదారి మాస్టారు:
నా జీతం డబ్బులతో నేను వెళ్లానండీ. ఎవరి దగ్గరా రూపాయి వసూలు చెయ్యలేదు. అయినా చెప్పడం కూడా తప్పైపోయిందా? ఏమీ చూడని మాస్టారు పుస్తకం చదివి వినిపిస్తే మీకు హాయిగా ఉంటుందా?

చెర్వుకట్ట:
తప్పన్ననా? చెప్పుడు అయిపోయినంక ఏంది అంటున్న. మీ పోస్టుల పిల్లలు ఏమన్నరో ఒక్క మాట లేదు.

(రెండు గంటల తర్వాత)

గోదారి మాస్టారు:
ఒకమ్మాయి అడిగింది, "మన బళ్లో ఆ నీడ గడియారం పెడితే ఎంత తేడా చూపిస్తుంది సార్?" అని. రేపు చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.

లెక్కల టీచరమ్మ:
82.5 రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కదా. రేఖాంశం వల్ల వచ్చేది ఒక్క నిమిషమే. ఈ నెలలో మొత్తం కలిపి పది. కర్రని సరిగ్గా ఉత్తరానికి 17 డిగ్రీలు ఎత్తి పాతితే చాలు.

సున్నా తేడా:
17 కాదు. కాకినాడకైతే దగ్గర దగ్గర 16.95.

యమున ఇవతల:
పాతాక ఫోటో పెట్టండి. మా వాడికి చూపిస్తా.

చెర్వుకట్ట:
కర్ర మంచిదే. బస్సు సంగతి ఎవ్వరు మాట్లాడలే.