మాచు పిచ్చు సర్క్యూట్ 2 టికెట్ కౌంటర్‌లో దొరకాలంటే ఎన్నింటికి చేరాలి?

జూన్ 16 ఉదయం పెరూలోని మాచు పిచ్చు (కొండ మీది ఇంకాల పాత రాతి నగరం) చూడాలని ప్లాన్. ముగ్గురం, అందులో అమ్మకి 66 ఏళ్లు. అక్కడ నడిచే దారుల్ని సర్క్యూట్లుగా విడగొట్టి టికెట్లు అమ్ముతారు; పైనుంచి దృశ్యం, రాతి గోడల మధ్య నడక రెండూ ఉండే సర్క్యూట్ 2 ఆన్‌లైన్‌లో మొత్తం అయిపోయింది. మూడు వారాలుగా రోజూ రెండు పూటలా చూస్తున్నాను, తేదీ 14 నుంచి 19 వరకు మార్చి కూడా చూశాను. ఇద్దరు ఏజెంట్లని అడిగితే ఇద్దరూ సర్క్యూట్ 1 తీసుకోమన్నారు. అది పైనుంచి మొత్తం కట్టడాన్ని చూపించి వెనక్కి తిప్పేస్తుంది, రాతి గోడల మధ్యకి పోనివ్వదు. సర్క్యూట్ 3 కింది భాగం, అందులో పైనుంచి కనిపించే ఆ ప్రసిద్ధ దృశ్యం ఉండదు. అంత దూరం వెళ్లి రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవడానికి మనసొప్పడం లేదు.

ఇక మిగిలింది కొండ కింద ఊరు అగ్వాస్ కాలియెంతెస్‌లో నేరుగా అమ్మే రోజుకు 1,000 టికెట్లు. ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి ముందు టోకెన్ తీసుకోవాలి, తర్వాత ఆ వరుసలోనే మర్నాటి ప్రవేశానికి కొనుక్కోవాలి, ఇంతవరకు తెలుసు. మేము దిగే కుస్కో నగరం 3,400 మీటర్ల ఎత్తు కాబట్టి అమ్మకి ఆయాసం రాకుండా, దిగిన రోజే 2,800 మీటర్ల దగ్గరున్న ఒల్లాంతాయ్‌తంబోకి వెళ్లిపోతున్నాం. అక్కడి నుంచి 15వ తేదీ రైలు మమ్మల్ని ఉదయం 8 గంటలకి అగ్వాస్ కాలియెంతెస్‌లో దింపుతుంది. రైలు టికెట్లు ఇప్పటికే కొనేశాం, మార్చాలంటే ఈ వారంలోనే మార్చాలి.

ఈమధ్య జూన్‌లో వెళ్లినవాళ్లు చెప్పండి: ఉదయం 8 తర్వాత టోకెన్ తీసుకుంటే మర్నాటికి సర్క్యూట్ 2 దొరుకుతుందా, లేక 14 రాత్రికే ఆ ఊరు చేరుకోవాలా?