పాత ఫిల్మ్ కెమెరా: బిగుసుకున్న డయల్, అరిగిన స్క్రూ

నా దగ్గర 1970ల నాటి 35 ఎంఎం ఎస్ఎల్ఆర్ (లెన్స్ గుండానే చూసి ఫొటో తీసే కెమెరా) ఉంది. ఎం42 రకం, అంటే మరలా తిప్పి బిగించే లెన్స్, పూర్తిగా మెకానికల్. షట్టర్ వేగం డయల్ 1/1000 సెకను నుంచి 1/125 దాకా బాగానే తిరుగుతుంది. 1/60 దాటగానే బరువెక్కుతుంది. 1/15 దగ్గర ఇక కదలదు. లివర్ లాగి ఫిల్మ్ వైండ్ చేసినా, చేయకపోయినా అంతే. బలవంతం చేస్తే లోపల ఏదైనా విరుగుతుందని ఆపేశాను.

విజయనగరం ఉక్కలో ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో ఉండిపోయిన కెమెరా ఇది. భూతద్దంతో చూస్తే డయల్ అంచు కింద ఇత్తడికి పచ్చటి చిలుము, దాని పక్కనే ముదురుపాకంలా గట్టిపడిన గ్రీజు కనిపిస్తున్నాయి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో అంచు చుట్టూ మూడుసార్లు తుడిచాను. పది నిమిషాలు తేలికగా తిరిగి, ఆరగానే మళ్లీ బిగుసుకుంది. కుట్టుమిషన్ నూనె వేయమన్నారు కానీ వేయలేదు. అది షట్టర్ గుడ్డ మీదికి పాకితే కెమెరా పోయినట్టే.

డయల్ విప్పి శుభ్రం చేయడమే దారి. దాని పక్కన మూడు చిన్న స్క్రూలున్నాయి. రెండు వచ్చాయి. మూడోదాని గాడి అరిగిపోయి 1.2 మి.మీ. స్క్రూడ్రైవర్ జారిపోతోంది. అసిటోన్ చుక్క పెట్టి రాత్రంతా ఉంచినా పట్టు వదలలేదు. ఊళ్లో ఫిల్మ్ కెమెరా విప్పే మెకానిక్ నాకు దొరకలేదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని దీనితోనే తీయాలని ఎంతో ఆశ.

డయల్ మీది అంకెలు చెడకుండా, గాడి అరిగిన ఆ మూడో స్క్రూను ఎలా తీయాలి?