సాగర్ కాలువ చివరి పొలం: పదేళ్లకు నీళ్ల లెక్క ఎలా వేసుకోవాలి?

ఆఖరి_తూము:
మాది సాగర్ కుడి కాలువలో ఒంగోలు బ్రాంచి కింద, మైనర్‌లో (పిల్లకాలువలో) ఆఖరి తూము. 5 ఎకరాల నల్లరేగడి. 2022లో వరి బాగానే చేతికొచ్చింది. అదే ధైర్యంతో 2023లో నారు పోశాం, మా దాకా నీళ్లు రాలేదు. నారుమడిలోకి గొర్రెల్ని తోలుకోమని నాన్నే పిలిచి చెప్పాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. 2024 ఆగస్టులో సాగర్ గేట్లెత్తారు, అప్పటికే భయపడి మొత్తం కంది వేసేశాం. ఇప్పుడు నాన్న బోరంటాడు, అన్న జామాయిలంటాడు. పదేళ్లలో ఎన్నేళ్లు నీళ్లొస్తాయనుకోవాలి?

టీఎంసీ_లెక్క:
కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్, నదిలో 75 శాతం విశ్వసనీయతతో 2060 టీఎంసీల నీళ్లుంటాయంది. నాలుగేళ్లలో మూడేళ్లు అనుకోండి. సింపుల్.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్:
అంత సింపుల్ కాదు తమ్ముడూ. ఆ లెక్క నదిది, తూముది కాదు. పైగా ఏ మూడేళ్లో చెప్పదు, కరువు వరసగా రెండేళ్లూ రావచ్చు. బచావత్ వాళ్లు 1894 నుంచి 78 ఏళ్ల ప్రవాహం చూశారు. తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961 నుంచి 47 ఏళ్లు చూస్తే అదే 75 శాతానికి 2173 వచ్చింది. ఏ ఏళ్లు చూశామన్న దాన్నిబట్టి నదే మారిపోయింది! ఇటు సాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది, పూడికతో ఇప్పుడు 312. ఆ నీళ్లు కూడా మీ తూముకు చేరేలోపు దారిలో ఎన్ని ఆయిల్ ఇంజన్లో నాకు తెలుసు. రాత్రిళ్లు వాటి చప్పుడు వింటూ కాలువ గట్టున తిరిగినవాణ్ణి.

అందుకే ఎన్నేళ్లొస్తాయో ఊహించడం మానేశాను. నా 3 ఎకరాలకు ఒక కట్టుబాటు పెట్టుకుని క్యాలెండర్ మీద రాసుకుంటా. ఆగస్టు 15న సాగర్ మట్టం 560 అడుగులు దాటి, శ్రీశైలం నుంచి ఇంకా నీళ్లు దిగుతుంటేనే వరి, అదీ రెండెకరాల్లోనే. 530 పైన ఉంటే కంది. అంతకంటే తక్కువైతే దున్ని వదిలేసి, అక్టోబర్ వానల పదునుకు శనగ. జూన్‌లోనే రాసుకోవాలి. పక్కవాడి నారుమడి చూశాక మనసు మాట వినదు.

బోరు వేసే ముందు చుట్టుపక్కల బోర్ల నీళ్లు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా తగిలితే డబ్బు దండగ. జామాయిల్ వేస్తే నాలుగేళ్లు పొలం మీ చేతిలో ఉండదు. 2024 లాంటి ఏడు వస్తే గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

ఆఖరి_తూము:
బాబాయ్, నాన్నకు చదివి వినిపించా. "560 ఎందుకు, 550 ఎందుకు కాదు?" అంటున్నాడు.

పాత_వర్క్‌ఇన్‌స్పెక్టర్:
మంచి ప్రశ్న. అది నా తూము అంకె. నాది మేజర్ మీద, అంటే మైనర్లకు నీళ్లిచ్చే పెద్ద కాలువ మీద, మీకంటే చాలా పైన. మీకు ఇంకా ఎక్కువే కావాలేమో. మీకు నీళ్లందిన ఏళ్లు, ఆ ఏటి ఆగస్టు మట్టం పక్కపక్కన రాసి చూడండి.

ఆఖరి_తూము:
ఏ ఏడు ఎన్ని బస్తాలయ్యాయో నాన్న డైరీల్లో రాసి పెట్టాడట. అటక మీద ఉన్నాయి. నిచ్చెన కోసం వెళ్లాడు.