ఎన్‌కౌంటర్ చేస్తే పూలు చల్లుతాం, స్టేషన్ గడప తొక్కాలంటే వణుకుతాం. ఎందుకిలా?

బెజవాడ సుధ:
నాది విజయవాడ, సత్యనారాయణపురం. మొన్న భోజనాల దగ్గర టీవీలో ఒక అఘాయిత్యం వార్త వస్తుంటే మా బాబాయి "ఇలాంటోళ్లని కోర్టుల చుట్టూ తిప్పడం ఎందుకు, తీసుకెళ్లి కాల్చేస్తే పోలా" అన్నాడు. మా అమ్మతో సహా అందరూ తలూపారు. ఇదే బాబాయి పోయినేడు బండి ఎవరో ఎత్తుకెళ్తే స్టేషన్‌కి ఒక్కడే వెళ్లడానికి భయపడి, తెలిసిన కార్పొరేటర్ చేత ఫోన్ చేయించుకుని, ఇద్దర్ని వెంటేసుకుని వెళ్లాడు. రేపు రా మాపు రా అని తిప్పి, చివరికి "దొంగతనం అని రాయకు, కనిపించడం లేదు అని రాయి" అని రైటరే చెప్పి రాయించాడట. వాళ్ల మాట ఒక్కటీ నమ్మడానికి లేదని బాబాయి చాలా రోజులు తిట్టుకుంటూనే ఉన్నాడు.

నాకు అర్థం కానిది ఇదే. బండి పోయిన కేసులో పోలీసుల్ని నమ్మని మనిషి, మనుషులు చచ్చిపోయిన కేసులో మాత్రం వాళ్లు చెప్పింది ఎలా నమ్ముతాడు? 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చేసినప్పుడు మా కాలేజీలో స్వీట్లు పంచారు. నాకు ఏదోలా అనిపించింది గానీ నోరు మెదపలేకపోయాను, ఎందుకంటే ఏం మాట్లాడినా "మీ ఇంట్లో ఆడపిల్లకి జరిగితే ఇలాగే అంటావా" అంటారు. ఆ ప్రశ్నకి మీరైతే ఏం చెప్తారు? దయచేసి పార్టీల గొడవ ఇక్కడికి తేవద్దు.

రమణ, వన్‌టౌన్:
సుధా, నేను ఆ రోజు సంబరపడ్డవాణ్ణే, ఇప్పుడైనా అదే మాట మీద ఉన్నాను కాబట్టి నేరుగా చెప్తా. పోలీసులు చెప్పింది మేం నమ్మాం అనుకోవడం దగ్గరే నీ లెక్క తేడా కొట్టింది. తెల్లవారుజామున సీన్ దగ్గరికి తీసుకెళ్తే కళ్లలో మట్టి కొట్టి తుపాకులు లాక్కున్నారు, మేం ఆత్మరక్షణకి కాల్చాం అంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. నమ్మకుండానే చప్పట్లు కొట్టారు. కావాలనే కాల్చారని తెలుసు కాబట్టే కొట్టారు.

మరి ఎందుకంటే కోర్టు మీద ఆశ చచ్చిపోయింది కాబట్టి. ఢిల్లీ నిర్భయ కేసు 2012 డిసెంబరులో జరిగితే ఉరి పడింది 2020 మార్చి 20న. దేశం దేశమంతా రోడ్డెక్కిన కేసుకే ఏడేళ్ల పైన పడితే పేరు కూడా పేపర్లో పడని ఆడపిల్లకి ఎన్నేళ్లు పడుతుంది? మా దూరపు బంధువుల అమ్మాయి కేసు నడుస్తూనే ఉంది, వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ వాడు కోర్టు వరండాలో ఎదురుగా నిలబడి నవ్వుతుంటాడు, ఆ పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టదు. ఆ నవ్వు చూసినవాడికి న్యాయశాస్త్రం చెప్పకండి. ఆంధ్రా అసెంబ్లీ 2019 డిసెంబరులోనే హడావుడిగా దిశ బిల్లు పాస్ చేసింది, దానికి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. మరి జనం ఎటు చూడాలి?

గుంటూరు వకీలు:
నేను గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. రమణ గారు చెప్పిన ఆ వరండా నేను రోజూ చూస్తున్నదే, ఆయన కోపం అబద్ధం కాదు. కానీ ఒక్క కేసు గుర్తు చేస్తాను, మనకు దూరం కూడా కాదు, విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం. 2007 డిసెంబరు 27న అక్కడి హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయి హత్యకు గురైంది. ఊళ్లన్నీ అట్టుడికాయి, పోలీసుల మీద ఒత్తిడి మామూలుగా లేదు, 2008 ఆగస్టులో ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే హంతకుడు అన్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అని వదిలేసింది, పైగా పరిహారం ఇవ్వమని చెప్పింది. తర్వాత 2018లో కేసు సీబీఐకి వెళ్లింది.

ఇప్పుడు చెప్పండి, 2008 ఆగస్టులో ఆ కుర్రాణ్ణి సీన్ రీకన్‌స్ట్రక్షన్, అంటే నేరం ఎలా జరిగిందో చూపించాలి అని తీసుకెళ్లి కాల్చేసి ఉంటే? బెంజి సర్కిల్లో స్వీట్లు పంచేవాళ్లం. కేసు మూసేసేవాళ్లు. అసలు హంతకుడెవరో అని అడిగేవాడే ఉండడు. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులే వీడు కాదు, అసలువాళ్లని వదిలేశారు అని మొదటి నుంచీ మొత్తుకున్నారు. సుధా, "మీ ఇంట్లో ఆడపిల్లకి జరిగితే" అనే ప్రశ్నకి వాళ్లకంటే బాగా ఎవరు జవాబు చెప్పగలరు?

చటాన్‌పల్లి విషయానికొస్తే, సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని అందులో ఉంది. పూలు చల్లిన వీడియోలు చూసినంత మంది ఆ నివేదిక గురించి విని ఉండరు.

చట్టంలో పోలీసుకి చంపే లైసెన్సు ఎక్కడా లేదు. మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే వాళ్లకీ ఉంది. అరెస్టు చేసేటప్పుడు బలం వాడొచ్చు, కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం మోపబడని మనిషి ప్రాణం తీసే హక్కు అరెస్టు గురించిన ఆ సెక్షన్ ఇవ్వదని చట్టంలోనే రాసి ఉంది. అలాంటి శిక్ష పడే నేరమైనా, చేతికి చిక్కి కస్టడీలో ఉన్నవాణ్ణి కాల్చొచ్చని కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. 2021 ఆగస్టు 15న మా గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద బీటెక్ అమ్మాయిని పొడిచి చంపాడు ఒకడు. ఎన్‌కౌంటర్ చేయాలి అని అప్పుడూ అరిచారు. పోలీసులు వాణ్ణి వెంటనే పట్టుకున్నారు, సీసీ కెమెరా వీడియో, సాక్షులు అన్నీ పద్ధతిగా కోర్టు ముందు పెట్టారు, 2022 ఏప్రిల్ 29న ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. తొమ్మిది నెలలు కూడా నిండలేదు. పై కోర్టుల్లో ఏమవుతుందన్నది వేరే సంగతి, నేను చెప్పేది విచారణ ఇంత త్వరగా చేయొచ్చని మన ఊళ్లోనే రుజువైందని. అన్ని కేసులకీ ఇలాగే ఎందుకు చేయరు అని రమణ గారు అరిస్తే ఆయన వెనక నేనూ నిలబడి అరుస్తాను.

క్వార్టర్స్ పిల్ల:
మా నాన్న ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, నేను పుట్టి పెరిగింది పోలీస్ క్వార్టర్స్‌లో. రెండు వైపులా కొంచెం తొందరపడుతున్నారనిపించి రాస్తున్నా.

2015 ఏప్రిల్ మొదటి వారం మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. సూర్యాపేట బస్టాండులో రాత్రి బస్సులు తనిఖీ చేస్తుంటే దుండగులు కాల్చి పోలీసు సిబ్బందిలో ఇద్దర్ని చంపేశారు, అది మనం హైదరాబాద్ వెళ్లే దారే. తర్వాత జానకీపురం దగ్గర వాళ్లతో జరిగిన కాల్పుల్లో గాయపడ్డ ఎస్ఐ ఏప్రిల్ 7న చనిపోయారు. అది నిజమైన ఎదురుకాల్పులు. నాన్న నైట్ డ్యూటీకి వెళ్తే అమ్మ తలుపు దగ్గరే కూర్చునేది. పోలీసులందరూ హంతకులు అన్నట్టు రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కానీ అదే ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి తీసుకెళ్తున్న ఐదుగురు ఖైదీల్ని వ్యాన్‌లోనే కాల్చేశారు. సీట్లలో ఒరిగిపోయి, చేతులకి బేడీలు అలాగే ఉన్న ఫొటో పేపర్లో వచ్చింది. అదే రోజు శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది చనిపోయారు. నాన్న ఎస్కార్ట్ డ్యూటీలు చాలా చేసిన మనిషి. ఆ ఫొటో చాలాసేపు చూసి "బేడీలున్నోడు తుపాకీ ఎట్లా లాక్కుంటాడే" అని పేపరు మడిచేశారు.

ఇంకో మాట. పూలు పైఆఫీసర్లకి పడతాయి. సిర్పుర్కర్ కమిషన్ చెప్పిన ఆ పది మందిలో కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు. కాల్చు అన్న నోటిమాట ఏ కాగితం మీదా ఉండదు, కాల్చినవాడి పేరు మాత్రం ఉంటుంది. మీరు చప్పట్లు కొట్టేది ఒక కానిస్టేబుల్‌ని తన జీతమూ పెన్షనూ పణంగా పెట్టమని అడగడమే. మా క్వార్టర్స్‌లో ఏ తల్లీ తన కొడుక్కి ఆ డ్యూటీ పడాలని కోరుకోదు.

మాచర్ల మాస్టారు:
అమ్మాయీ, నాది మాచర్ల వైపు, ఇప్పుడు బ్రాడీపేటలో పిల్లల దగ్గర ఉంటున్నా. నక్సలైట్ల కాలంలో మా పల్నాడులో పేపరు తెరిస్తే "ఎదురుకాల్పుల్లో ఒకరి మృతి", అదే వాక్యం, ఊరి పేరే మారేది. రాత్రి ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్లారని ఊరంతా చూసినా పొద్దున పేపర్లో అడవిలో ఎదురుపడ్డాడనే ఉండేది. పౌరహక్కుల కోసం పోరాడిన వకీళ్లు బాలగోపాల్ గారు, కన్నబిరాన్ గారు జీవితమంతా అడిగింది ఆ వాక్యం గురించే. ఎన్‌కౌంటర్ జరిగితే ఏం చేయాలో జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో దేశం మొత్తానికి పంపిన మార్గదర్శకాలు మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఫిర్యాదుల వల్లే పుట్టాయి. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద బషీర్‌బాగ్‌లో ఊరేగింపు చేసినవాళ్ల మీద కాల్పులు జరిగితే మాత్రం రాష్ట్రమంతా పోలీసుల్ని తిట్టింది. ఎందుకంటే అక్కడ పడిపోయినవాళ్లు మనలాంటి వాళ్లు అనిపించింది. చచ్చినవాడు మనవాడా కాదా అన్నదాన్ని బట్టి తుపాకీ మీద మన అభిప్రాయం మారుతోంది, నేను చూసినంతలో అంతే.

రమణ, వన్‌టౌన్:
వకీలు గారూ, ఇబ్రహీంపట్నం మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ వరండాలో నిలబడ్డ పిల్లకి మీ దగ్గరా జవాబు లేదు. గుంటూరు కేసులా ప్రతి కేసూ నడిపించండి, నేను చప్పట్లు ఆపేస్తా.

బెజవాడ సుధ:
అందరికీ థ్యాంక్స్, ఇది బాబాయికి చదివి వినిపిస్తా. వకీలు గారూ, ఒకటి అడుగుతాను. ఎన్‌కౌంటర్ జరిగాక మామూలు మనిషి చేయగలిగింది ఏమన్నా ఉందా, లేక టీవీ చూస్తూ కూర్చోవడమేనా?

గుంటూరు వకీలు:
ఉందమ్మా. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ కట్టాలి, దర్యాప్తు సీఐడీనో వేరే స్టేషన్ వాళ్లో చేయాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి, వెంటనే ప్రమోషన్లూ పతకాలూ ఇవ్వకూడదు. విచారణ చేసే ఆర్డీవోనో సబ్ కలెక్టరో "ఈ ఘటన గురించి తెలిసినవారు ఫలానా తేదీన వచ్చి వాంగ్మూలం ఇవ్వవచ్చు" అని పేపర్లో ప్రకటన ఇస్తుంటారు. జిల్లా పేజీల్లో ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో పడుతుంది. తీసుకెళ్లడం చూసినవాళ్లు, పక్క పొలం వాళ్లు, ఇంట్లోవాళ్లు, ఎవరైనా వెళ్లి చెప్పొచ్చు, వకీలు కూడా అక్కర్లేదు. భయమేస్తే రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. అలాంటి ప్రకటన ఎక్కడైనా కనిపిస్తే ఈ చర్చలోనే పెట్టండి, వెళ్లేవాళ్ల వెంట నేను వస్తాను.