‘ఇంకా’ ఒక్కటే అయినప్పుడు ‘స్టిల్’, ‘యెట్’ రెండెందుకు?

ఉత్తరం ఇంకా రాలేదని ఇంగ్లీషులో చెప్పబోయి ‘ది లెటర్ హాజ్ నాట్ కమ్ స్టిల్’ అనేవారు మనలో చాలామంది ఉన్నారు. దీనిని వ్యాకరణం రాకపోవడం కింద జమకట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఈ తడబాటుకు మూలం తెలుగులోనే ఉంది. ‘వాన ఇంకా పడుతోంది’, ‘వాన ఇంకా పడలేదు’ అనే రెండు మాటలకూ మనకు ‘ఇంకా’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం మొదలైన పని ఆగకుండా సాగుతుంటే ‘స్టిల్’ అని, జరుగుతుందనుకున్న పని జరగకుండా ఉంటే ‘యెట్’ అని ఆ ఒక్క మాటనూ రెండుగా చీలుస్తుంది.

అయితే వ్యతిరేక వాక్యంలో ‘స్టిల్’ రానే రాదని తేల్చడం కూడా పొరపాటే. ‘ది లెటర్ స్టిల్ హాజంట్ కమ్’ అనడం నిక్షేపంలాంటి ఇంగ్లీషు; కాకపోతే అక్కడ ‘స్టిల్’ వాక్యం చివరకు పోకుండా ‘హాజంట్’ కంటే ముందు నిలబడాలి, పైగా అందులో కొంత విసుగు ధ్వనిస్తుంది. ‘ది లెటర్ హాజంట్ కమ్ యెట్’ అన్నప్పుడు ఆ విసుగు ఉండదు. ఈ తేడా మనకు తెలియనిదేమీ కాదు. ‘ఉత్తరం ఇంకా రాలేదు’ అనడానికీ, ‘ఉత్తరం ఇంకా రానేలేదు’ అనడానికీ ఉన్న తేడా దాదాపు అదే. ఇంగ్లీషు క్రియావిశేషణాన్ని మార్చి చూపే భావాన్ని మనం క్రియలో ఒక ఏకారం చేర్చి చూపుతున్నాము.

ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి చిక్కు మరికాస్త ముదురుతుంది. ‘హావ్ యు ఈటెన్ యెట్?’ అన్నదానికి తెలుగు ‘భోజనం చేశారా?’ అన్నంతే, అందులో ‘యెట్’కు సమానమైన మాట అంటూ ఏదీ ఉండదు. పోనీ అని ‘ఇంకా తిన్నారా?’ అంటే, మరికొంత తిన్నారా అని అడిగినట్టవుతుంది. అందుకే ఇంగ్లీషులో ప్రశ్న వేసేటప్పుడు మన నోటికి ‘యెట్’ సహజంగా రాదు. తెలుగులో లేని మాటను గుర్తుపెట్టుకుని మరీ చేర్చవలసి వస్తుంది.

‘ఆల్‌రెడీ’ విషయంలో కథ తిరగబడుతుంది, ఇక్కడ సూక్ష్మంగా విడదీసేది మనమే. తొందరగా ముగించినందుకు ఆశ్చర్యపడి ‘అప్పుడే తినేశావా?’ అంటాము, ఆశ్చర్యమేమీ లేకుండా తెలియజేసేటప్పుడు ‘ఇదివరకే తిన్నాను’ అంటాము. ఇంగ్లీషుకు ఈ రెంటికీ ‘ఆల్‌రెడీ’యే గతి. తెలుగు మాట్లాడుతూ కూడా ‘ఆల్‌రెడీ తిన్నాను’ అనే అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, ‘ఇదివరకే’ అంటే పుస్తకం చదువుతున్నట్టు ఉందని నన్ను ఆటపట్టించినవారూ ఉన్నారు.

‘హార్డ్’, ‘హార్డ్‌లీ’ల గొడవ వేరే రకానిది. ‘వేగం’ పక్కన ‘గా’ చేర్చి ‘వేగంగా’ అన్నట్టే, ఇంగ్లీషు మాట చివర ‘లీ’ చేరిస్తే చాలుననుకుని ‘ఐ వర్క్ హార్డ్‌లీ’ అనేస్తాము. పాత ఇంగ్లీషులో ఇలాంటి విశేషణాలకు చివర ఒక ‘ఎ’ అచ్చు చేరి క్రియావిశేషణం అయ్యేది. కాలక్రమంలో ఆ అచ్చు రాలిపోవడంతో ‘హార్డ్’, ‘ఫాస్ట్’ వంటివి రెండు పనులకూ ఒకే రూపంతో మిగిలాయి. ‘హార్డ్‌లీ’కి కూడా ఒకప్పుడు గట్టిగా, బలంగా అనే అర్థం ఉండేది కానీ, నేడు వాడుకలో అది ‘దాదాపు లేదు’ అనే అర్థానికే స్థిరపడింది. ‘ఐ హార్డ్‌లీ స్లెప్ట్’ అన్నవారు గాఢంగా నిద్రపోయామని చెప్పడం లేదు, సరిగా కునుకే పట్టలేదంటున్నారు. తెలుగులో ఈ భావానికి ‘లేదు’ తప్పనిసరి కనుక, అక్కడ కూడా ఒక ‘నాట్’ తగిలించాలని మనకు చేయి దురద పెడుతుంది. కానీ లేమి అనే అర్థం ‘హార్డ్‌లీ’లోనే ఇమిడి ఉంది. ‘లేట్లీ’ కూడా ఇలాగే దారి తప్పిస్తుంది. అది ‘ఈమధ్య’ అని చెప్పే మాట, ఆలస్యంగా వచ్చినవారికి వట్టి ‘లేట్’ చాలు.