పదకొండో తరగతిలో చరిత్ర, భూగోళం రెండూ తీసుకోవాలా, ఒకటి చాలా?

ఓరుగల్లు అమ్మ:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది సీబీఎస్‌ఈలో పదో తరగతి పూర్తి చేసింది. పదకొండులో హ్యుమానిటీసే తీసుకుంటానని తేల్చి చెప్పింది, దాని మీద మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కంతా సబ్జెక్టుల దగ్గర వచ్చింది. వాళ్ల బడిలో ఇంగ్లీషు, పొలిటికల్ సైన్సు, ఎకనామిక్స్ అందరికీ ఉంటాయి. మిగిలిన రెండింటిని చరిత్ర, భూగోళం, గణితం, సైకాలజీలలో నుంచి ఎంచుకోవాలి. అమ్మాయి చరిత్ర, భూగోళం రెండూ కావాలంటోంది. వాళ్ల నాన్నగారేమో, పదో తరగతి దాకా సోషల్‌లో ఈ రెండూ చదివిందే కదా, ఇప్పుడైనా ఒకటి వదిలేసి గణితం తీసుకుంటే డిగ్రీలో ఎటు వెళ్లాలన్నా ఇబ్బంది ఉండదని అంటున్నారు. బంధువులను అడిగితే రెండూ బట్టీ సబ్జెక్టులేనన్న మాట తప్ప వేరే మాట వినిపించలేదు. రెండూ కలిపి చదివితే పిల్లకు నిజంగా ఒనగూరేది ఏమిటో, మోయాల్సిన బరువు ఎంతో, ఆ సబ్జెక్టులు చదివినవారూ చెప్పినవారూ వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

గ్రూప్స్ అభ్యర్థి:

అమ్మా, అమ్మాయికి ఉద్యోగ పరీక్షల ఆలోచన ఉంటే మీ సందేహానికి సర్వీస్ కమిషన్ల సిలబస్‌లోనే జవాబు దొరుకుతుంది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో రెండో పేపరు చరిత్ర, సంస్కృతి, భూగోళశాస్త్రం కలిపి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-1లోనూ ఈ మూడింటినీ ఒకే పేపరులో పెట్టారు. యూపీఎస్సీ మెయిన్స్‌లో 250 మార్కుల జనరల్ స్టడీస్ మొదటి పేపరులో చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం కలిసి వస్తాయి. డిగ్రీ అయ్యాక కోచింగ్‌లో మొదటిసారి శీతోష్ణస్థితి పాఠాలు వింటున్న మావంటివారికి, వాటిని పదకొండులోనే నిదానంగా చదువుకున్నవారికి ఉన్న తేడా ప్రతి నమూనా పరీక్షలోనూ తెలుస్తూనే ఉంటుంది.

అయితే ఒక విషయం ముందే తెలుసుకుని ఉండటం మంచిది. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో ఉండేది ప్రపంచ చరిత్ర. మెసొపొటేమియా నగరాలు, రోమన్ సామ్రాజ్యం, మంగోలులు, మధ్యయుగ ఐరోపా సమాజం వంటివన్నీ ఆ ఏడాది వస్తాయి. భారతదేశ చరిత్ర కోసం పన్నెండు దాకా ఆగాలి. ఇది తెలియక మొదటి మూడు నెలల్లోనే నిరుత్సాహపడినవారిని చూశాను.

ఎకనామిక్స్ లెక్చరర్:

పదహారేళ్ల పిల్ల ఎప్పుడో రాయబోయే, అసలు రాస్తుందో లేదో తెలియని గ్రూప్-1 కోసం ఇప్పుడు సబ్జెక్టులు ఎంచుకోవడం సరికాదని నా అభిప్రాయం. మేడమ్ గారూ, మీ వారి మాటలో బలం ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌లో చేరాలంటే గణితం తప్పనిసరి. పదకొండులో ఎకనామిక్స్ మీద ఆసక్తి కలిగి, పన్నెండు చివర ఆ నిబంధన చూసి వెనక్కి తగ్గిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చరిత్ర మీద ప్రేమ ఉన్నవారు దాన్ని ఏ వయసులోనైనా చదువుకోగలరు కానీ, పదో తరగతితో వదిలేసిన గణితం ఆ తర్వాత మళ్లీ పట్టుబడటం చాలా అరుదు.

బరువు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. పొలిటికల్ సైన్సుకు చరిత్ర, భూగోళం తోడైతే మూడు సబ్జెక్టుల్లో దీర్ఘ సమాధానాలు రాయాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లల చేతులకు, జ్ఞాపకశక్తికి అది గట్టి పరీక్షే. మధ్యలో గణితం ఉంటే మెదడుకు వేరే రకమైన పని దొరుకుతుంది. రెండింటిలో ఒకటి మానుకుంటే పిల్ల చదువుకు లోటు వస్తుందని నేను అనుకోను.

కర్నూలు మాస్టారు:

లెక్చరర్ గారు గణితం గురించి చెప్పింది వాస్తవం. అమ్మాయికి ఎకనామిక్స్ ఆనర్స్ మీద మనసుంటే ఇక చర్చించవలసింది ఏమీ లేదు. అటువంటి ఆలోచన లేనప్పుడు మాత్రం, చరిత్ర భూగోళాలలో ఏదో ఒకటి చాలన్న మాటను, చాలా ఏళ్లు చరిత్ర చెప్పినవాడిగా నేను అంగీకరించలేను. కారణం పాఠ్యపుస్తకంలో నుంచే చూపిస్తాను.

పన్నెండో తరగతి చరిత్రలో విజయనగరం మీద ఒక అధ్యాయం ఉంది. రాజవంశాల వరుస, 1336లో స్థాపన, 1565లో ఓటమి అంటూ చెప్పుకుపోతే అది బంధువులన్నట్టు బట్టీ పాఠమే అవుతుంది. కానీ ఆ అధ్యాయం మన ముందు పెట్టే అసలు ప్రశ్న వేరే ఉంది. దక్షిణ ద్వీపకల్పంలో బాగా తక్కువ వానలు పడే ప్రాంతాల్లో విజయనగరం ఉన్న చోటు ఒకటి. అలాంటి చోట, రాతిగుట్టల నడుమ, అంత పెద్ద రాజధాని ఏ నీళ్లు తాగి, ఏ తిండి తిని బతికింది? తుంగభద్ర అక్కడ ఈశాన్య దిశగా పారుతుంది. చుట్టూ ఉన్న గ్రానైట్ కొండల మీది నుంచి దిగే వాగులకు కట్టలు వేసి చెరువులు నింపుకున్నారు. 15వ శతాబ్దం తొలి ఏళ్లలో కట్టిన కమలాపురం చెరువు పొలాలను తడపడంతో పాటు, ఒక కాలువ గుండా రాజులుండే భాగానికీ నీరందించింది. తుంగభద్ర మీద కట్టిన ఆనకట్ట నుంచి హిరియా కాలువను తవ్వి లోయలోని పొలాలకు పారించారు.

అదే శతాబ్దంలో పారశీక రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ ఆ నగరానికి ఏడు వరుసల కోటగోడలు ఉన్నాయని లెక్కపెట్టాడు. మొదటి, రెండో, మూడో గోడల మధ్య పొలాలు, తోటలు, ఇళ్లు ఉన్నాయని రాశాడు. కోట లోపల పొలాలు ఎందుకని తరగతిలో అడిగితే మొదట ఎవరూ చెప్పరు. ఆ రోజుల్లో ముట్టడి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగేది. లోపలివారిని పస్తులు పెట్టి లొంగదీయడమే శత్రువు ఎత్తుగడ. దానికి విరుగుడుగా రాజులు సాధారణంగా పెద్ద ధాన్యాగారాలు కట్టుకునేవారు. విజయనగరం వారు అంతకంటే ఎక్కువ ఖర్చుకు సిద్ధపడి పంటభూమినే గోడలతో చుట్టేశారు. ఆ నేల వాలు, వాన లెక్క, నీటి దారి తెలిసిన విద్యార్థికి ఈ నిర్ణయం వెనుక ఉన్న తెగువ అర్థమవుతుంది. భూగోళం వదిలేసిన విద్యార్థి ఏడు గోడలన్న అంకెను గుర్తుపెట్టుకుంటాడు.

తెలుగువారికి ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. విజయనగర రాజధాని ఉన్న హంపిలోని శిథిలాల తొలి సర్వే పటాన్ని 1800లో తయారుచేసిన కాలిన్ మెకంజీ వృత్తిరీత్యా ఇంజనీరు, సర్వేయరు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మన ఊళ్ల కైఫియత్తులను, అంటే ఊరి చరిత్ర చెప్పే స్థానిక వృత్తాంతాలను, సేకరింపజేసినవాడూ ఆయనే. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన వద్ద పనిచేస్తూ శాసనాల నకళ్లు, స్థానిక వృత్తాంతాలు పోగుచేశారు. భూమిని కొలిచే పని, ఆ భూమి మీద బతికినవారి కథలు సేకరించే పని ఒకే బృందం చేతుల్లో నడిచిన కాలం అది. ఆ రెండు చదువులనూ పదహారేళ్లకే విడదీయాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు.

పటాల పనివాడు:

మాస్టారి మాటలు ఆనందంగా చదివాను. కానీ భూగోళం చదివి రిమోట్ సెన్సింగ్‌లో, అంటే ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించే రంగంలో, పనిచేస్తున్నవాడిగా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. చరిత్ర బాగా అర్థం కావడానికి పనికివచ్చే సహాయక సబ్జెక్టుగా భూగోళాన్ని చూపిస్తే దానికి అన్యాయం జరుగుతుంది. పదకొండో తరగతి భౌతిక భూగోళంలో భూమి అంతర్భాగం, వాతావరణ ప్రసరణ, సముద్ర ప్రవాహాలు వంటివి ఉంటాయి. అనంతపురంలో సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే ఎందుకు పడుతుందన్నది తీసుకోండి. నైరుతి గాలులను పడమటి కనుమలు అడ్డుకోవడం, తూర్పు తీరానికి దూరంగా ఉండటంతో ఈశాన్య రుతుపవనాలు చేరేసరికి బలహీనపడటం దానికి కారణాలు. ఇది విజ్ఞానశాస్త్రం, దీన్ని అర్థం చేసుకోవడానికి ఏ రాజు పేరూ అక్కర్లేదు.

రెండు సబ్జెక్టుల మార్కుల అమరికలోనే తేడా ఉంది. చరిత్రకు రాతపరీక్ష 80, ప్రాజెక్టు 20. భూగోళానికి రాతపరీక్ష 70, ప్రాక్టికల్ 30. ఆ ప్రాక్టికల్‌లో పటాల స్కేళ్లు, ప్రక్షేపాలు (గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద చూపే పద్ధతులు), టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలను వివరంగా చూపే పటాలు) చదవడం, గణాంకాలను రేఖాచిత్రాలుగా గీయడం ఉంటాయి కనుక, గణితం పూర్తిగా పోతుందన్న భయం కొంత తగ్గించుకోవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు టోపోషీటులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నతి రేఖలు గోధుమ రంగులో, మామూలుగా 20 మీటర్ల తేడాతో ఉంటాయి. నీళ్లు నీలం, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు, ఊళ్లు ఎరుపు. తెలంగాణలో ఏదో ఒక పాత చెరువును అందులో వెతికి, కట్ట ఎక్కడుందో పిల్లలను చూడమనండి. రెండు గుట్టల మీది గోధుమ గీతలు ఎదురెదురుగా దగ్గరికొచ్చి వాగు సన్నబడిన చోట కట్ట ఉంటుంది, ఎందుకంటే అక్కడ తక్కువ మట్టితో ఎక్కువ నీటిని ఆపవచ్చు. కట్ట దిగువన పసుపు రంగులో ఆయకట్టు పరుచుకుని ఉంటుంది. దాని అలుగు నీళ్లు పోయే దారి వెంట వేలు పెట్టి వెళితే ఇంకో చెరువు తగులుతుంది. గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో ఆ కాగితం మీద అరగంటలో అర్థమవుతుంది. ఈ నైపుణ్యం పక్కన కూర్చుని చూపించేవారు లేకుండా రాదు. అందుకే, ఒకటే తీసుకోవలసి వస్తే భూగోళం తీసుకుని, చరిత్రను ఇంట్లో చదువుకోమంటాను.

కర్నూలు మాస్టారు:

చరిత్రను ఇంట్లో చదువుకోవచ్చన్న మాట నేను తరచుగా వింటూనే ఉంటాను. ఇంట్లో చదివితే కథ తెలుస్తుంది, అది మంచిదే. కానీ ఆ కథకు ఆధారమేమిటో, దాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తేనే అలవడుతుంది. మెకంజీకి హంపి గురించి మొదట్లో దొరికిన సమాచారంలో చాలా భాగం విరూపాక్ష ఆలయ పూజారులు, పంపాదేవి గుడి పూజారులు గుర్తుంచుకుని చెప్పిందే. రాజ్యం కూలిన రెండు శతాబ్దాల తర్వాతి జ్ఞాపకాలు అవి. అబ్దుర్ రజాక్ ఒక దర్బారు పంపగా వచ్చి మరో దర్బారును చూసి రాసినవాడు. శాసనాలు రాయించినవారు దానాలు చేసిన ధనికులు. ఈ మూడు రకాల సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి, ఎవరు ఏది చూడగలిగారు, ఏది చెప్పకుండా వదిలేశారు అని అడగడమే పన్నెండో తరగతి చరిత్ర. రోజూ ఫోన్‌లో వచ్చే ప్రతి వృత్తాంతాన్నీ నిజమని నమ్మేస్తున్న కాలంలో ఈ శిక్షణను ఐచ్ఛికంగా వదిలేయమని నేను ఏ తల్లికీ సలహా ఇవ్వలేను.

ఓరుగల్లు అమ్మ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయితో కూర్చుని అన్నీ చదివించాను. ఎకనామిక్స్ ఆనర్స్ ఆలోచన తనకు లేదని స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు నాకున్న భయం వేరు. వాళ్ల బడిలో భూగోళం ప్రాక్టికల్ రికార్డును పరీక్షలకు ముందు ఒకరిది చూసి ఒకరు రాసేసుకుంటారని పై తరగతి పిల్లలు చెప్పారట. అలాంటప్పుడు భూగోళం తీసుకోవడం దండగ కాదా?

ఎకనామిక్స్ లెక్చరర్:

ఎకనామిక్స్ ఆనర్స్ వద్దన్నప్పుడు నేను పట్టుబట్టను. అయినా పదహారేళ్ల అభిరుచి పద్దెనిమిదికి మారదని ఎవరూ హామీ ఇవ్వలేరు కనుక ఒక మధ్యేమార్గం సూచిస్తాను. సీబీఎస్‌ఈలో ఆరో సబ్జెక్టును అదనంగా తీసుకునే వీలుంది. బడి టైంటేబుల్‌లో కుదిరితే, అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఆ బడిలో చెబుతుంటే, చరిత్ర, భూగోళాలను ఉంచుకునే దాన్ని ఆరోదిగా కలుపుకోవచ్చు.

పటాల పనివాడు:

లెక్చరర్ గారి సూచన కాగితం మీద బాగుంది. కానీ ఆరో సబ్జెక్టు వస్తే మొట్టమొదట కోత పడేది ప్రాక్టికల్‌కు పెట్టే సమయానికే. గణితం నిజంగా ఇష్టమైతే తప్ప ఆ పని చేయవద్దు.

అమ్మా, రికార్డు నకలు రాసుకునే బడి అన్న ఒక్క కారణంతో భూగోళం మానేయకండి. చేరే ముందే ఉపాధ్యాయులను కలిసి, బడిలో టోపోషీట్లు ఉన్నాయా, వారానికి ప్రాక్టికల్ పీరియడ్లు ఎన్ని, ఊరి చుట్టుపక్కలకు క్షేత్ర పరిశీలనకు తీసుకువెళతారా అని అడగండి. జవాబులు తృప్తిగా లేకపోతే, భౌతిక భూగోళం పాఠాలు బడిలో విని, ప్రాక్టికల్ భాగాన్ని ఇంట్లో సొంతంగా చేయించండి. 1:50,000 స్కేలు పటాలు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో దొరుకుతాయి. ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో మీ ప్రాంతపు ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. మీది ఓరుగల్లు ప్రాంతం కనుక పాకాల చెరువుతో మొదలుపెట్టించండి. కట్ట, అలుగు, ఆయకట్టు మూడింటినీ పటంలో గుర్తించి, ఒక ఆదివారం అక్కడికి వెళ్లి సరిచూసుకోమనండి. ఆ చెరువు కాకతీయుల కాలం నాటిది కాబట్టి, దాన్ని ఎవరు తవ్వించారు, నీళ్లు ఎవరి పొలాలకు ముందు అందేవి, కట్ట తెగితే బాగుచేయించే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు తనకే వస్తాయి. వాటిని చరిత్ర ప్రాజెక్టుగా రాసుకోవచ్చు. రెండు రికార్డులకూ పనికివచ్చే సమాచారం ఒకే చోట దొరుకుతుంది, ఎవరిదీ చూసి రాయనక్కర్లేదు.