క్లివ్‌డెన్ టెర్రస్‌పై మధ్యాహ్నపు టీయా, రాత్రి భోజనమా?

ప్రశ్న: రీడింగ్_కోడలు

అందరికీ నమస్కారం. జూన్ నెలాఖరులో మా అత్తగారు, మామగారు విజయవాడ నుంచి రీడింగ్‌లోని మా ఇంటికి వస్తున్నారు. వారి పెళ్లిరోజు ఇక్కడ ఉండగానే వస్తుంది కనుక, ఆ రోజు ట్యాప్లో దగ్గరున్న క్లివ్‌డెన్ హౌస్ వంటి పాతకాలపు బంగళా హోటల్‌కు తీసుకువెళ్లి, తోట కనిపించేలా ఆరుబయట కూర్చోబెట్టి విందు చేయించాలని మావారి కోరిక. రాత్రి భోజనానికి వెళ్లాలా, శాండ్‌విచ్‌లు, కేకులతో కలిపి ఇచ్చే మధ్యాహ్నపు టీతో సరిపెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. అత్తగారు కోడిగుడ్డు కూడా ముట్టరు. మామగారికి ఎప్పుడైనా ఒక గ్లాసు తీసుకునే అలవాటు ఉంది కాని, తండ్రి ఎదుట గ్లాసు పట్టుకోవడానికి మావారికి మొహమాటం. కొడుకు ఎదుట మామగారికీ అంతేనని నా అనుమానం. అంత ఖర్చు పెట్టి వెళ్లి, ఎవరికి వారు బిగుసుకుని కూర్చుంటే ఏం లాభం? అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: థేమ్స్‌గట్టు

సందేహం లేకుండా మధ్యాహ్నమే వెళ్లండి. జూన్ చివర ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక గాని సూర్యుడు అస్తమించడు కనుక చాలామంది రాత్రి భోజనం వైపు మొగ్గుతారు. కాని వెలుగు ఉన్నంతసేపూ వెచ్చదనం ఉండదు. ఏడు గంటలు దాటితే నది వైపు నుంచి చల్లగాలి మొదలవుతుంది, విజయవాడ ఎండలకు అలవాటుపడిన పెద్దవారు శాలువా కప్పుకుని, ఎప్పుడు లోపలికి వెళ్దామా అని ఎదురుచూస్తారు. ఇలాంటి హోటళ్లలో మనం డబ్బు పెట్టేది వంటకానికి ఎంతో, కూర్చునే చోటుకూ అంతే. మూడు నాలుగు గంటల వేళ ఆ చోటు పూర్తిగా మీదవుతుంది.

క్లివ్‌డెన్‌లో దక్షిణం వైపు తోటను చూస్తే నా మాట మీకే అర్థమవుతుంది. టెర్రస్ (మేడపైది కాదు, భవనాన్ని ఆనుకుని తోట వైపు ఉండే ఎత్తైన అరుగు) కింద గీతలు గీసినట్లు కత్తిరించిన పచ్చని పొదల వరుసలు, వాటికి అవతల చెట్లు, లోయలో థేమ్స్ నది కనిపిస్తాయి. ఇప్పుడున్న భవనం చార్లెస్ బ్యారీ రూపకల్పనలో 1851 ప్రాంతంలో లేచినది. లండన్ పార్లమెంటు భవన నిర్మాణంలోనూ ఆయనదే ప్రధాన పాత్ర. టెర్రస్ అంచున ఉన్న శిల్పాల రాతి పిట్టగోడను అప్పటి యజమానులైన ఆస్టర్ కుటుంబం 1890ల్లో రోమ్‌లోని బోర్గీస్ విల్లా నుంచి కొని తెప్పించింది. ఆ ఇంటి కోడలు నాన్సీ ఆస్టర్, 1919లో బ్రిటిష్ దిగువ సభలో అడుగుపెట్టిన తొలి మహిళా సభ్యురాలు. మామగారు పాత వార్తాపత్రికలు చదివినవారైతే ప్రొఫ్యూమో వ్యవహారం గుర్తుండే ఉంటుంది. బ్రిటన్ యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమో, తర్వాత ఆ కుంభకోణానికి కారణమైన క్రిస్టీన్ కీలర్ అనే యువతిని 1961 జూలైలో తొలిసారి చూసింది ఇక్కడి ఈతకొలను దగ్గరే. అత్తగారి ముందు ఆ కథ ఎంతవరకు చెప్పాలన్నది మీవారి ఇష్టం.

బుక్ చేసేటప్పుడు ఒక్క మాట తప్పక అడగండి: బయటి బల్ల ఖాయంగా ఇస్తారా, వాతావరణాన్ని బట్టి ఇస్తారా, వాన వస్తే లోపల ఎక్కడ కూర్చోబెడతారు? అలాగే కంకర దారులు, పచ్చిక ఉంటాయి కనుక చీర ఎంత పట్టుదైనా చెప్పులు మాత్రం మడమ ఎత్తు లేనివి వేసుకోమనండి.

జవాబు: ససెక్స్_శాకాహారి

టీ మంచిదే, కాని శాకాహారం అని చెప్పి ఊరుకుంటే అత్తగారికి మిగిలేది దోసకాయ శాండ్‌విచ్ ఒక్కటే. ఇక్కడ శాకాహార టీ అంటే చేప, మాంసం ముక్కలు తీసేసి, వాటి స్థానంలో మరికొంత గుడ్డు పెట్టడమే తరచు జరుగుతుంది. గుడ్డు, పాలు, గోధుమ వంటి 14 అలర్జీ పదార్థాల వివరం చెప్పడం చట్టరీత్యా తప్పనిసరి కాబట్టి, గుడ్డు గురించి అడిగితే సరైన జవాబే వస్తుంది. చిక్కంతా జెలటిన్‌తోనూ, జున్ను తయారీలో వాడే రెన్నెట్‌తోనూ వస్తుంది. జంతువుల నుంచి తీసే ఈ రెండూ ఆ 14లో లేవు. మూస్, పన్నకోటా, జెల్లీ, మార్ష్‌మాలో ఏది వచ్చినా జెలటిన్ ఉందా అని విడిగా అడగాలి. పార్మెజాన్ జున్ను ఎప్పుడూ శాకాహారం కాదు.

స్కోన్ అనే చిన్న బన్ను లాంటి రొట్టెపైన తరచు గుడ్డు పూత వేస్తారు కనుక, పూత లేనివి కాల్చి ఇవ్వగలరా అని వారం ముందే రాతపూర్వకంగా కోరండి. వాటితో ఇచ్చే క్లాటెడ్ క్రీమ్ మన ఇంటి మీగడకు దగ్గరి చుట్టం, అత్తగారికి తప్పక నచ్చుతుంది. జామ్ ముందా, క్రీమ్ ముందా అని ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవన్, కార్న్‌వాల్ జిల్లాల వాళ్లు తగువులాడుకుంటారు గాని, బల్ల దగ్గర ఎవరూ పట్టించుకోరు. మీకు ఆగస్టులో వెళ్లే ఆలోచన వస్తే మానుకోండి. జామ్ గిన్నె తెరిచీ తెరవగానే కందిరీగలు చుట్టుముడతాయి.

రీడింగ్_కోడలు

ఇద్దరికీ ధన్యవాదాలు. జెలటిన్ సంగతి నాకు తట్టనే లేదు. మధ్యాహ్నమే ఖాయం చేస్తాము. పానీయాల విషయం, కారు విషయం కూడా ఎవరైనా చెబితే మేలు.

జవాబు: టెర్రస్_పాతకాపు

ఇలాంటి ఒక హోటల్ టెర్రస్‌పై చదువుకునే రోజుల్లో వడ్డన పని చేశాను కనుక చెబుతున్నాను. మొహమాటానికి మందు పిమ్స్ (జిన్‌తో చేసే ఇక్కడి వేసవి మద్యం) జగ్గే. ఒక వంతు పిమ్స్‌లో మూడు వంతుల లెమనేడ్ కలిపి, పుదీనా, దోసకాయ, నారింజ, స్ట్రాబెర్రీ ముక్కలు వేసి ఇస్తారు. అవే పండ్లతో మద్యం లేని ఎల్డర్‌ఫ్లవర్ (ఒక రకం తెల్లపూల) షర్బతు జగ్గు మరొకటి చేసిపెట్టమంటే, బల్ల మీద ఉన్న గ్లాసులన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎవరి గ్లాసులో ఏముందో ఎవరూ చూడరు. జగ్గులు మాత్రం కలిసిపోకుండా వడ్డించేవారికి ముందే చెప్పండి. మామగారికి కొత్త రుచి చూపాలనుకుంటే ససెక్స్, కెంట్ సుద్దనేలల్లో పండిన ద్రాక్షతో చేసే ఇంగ్లీషు స్పార్క్లింగ్ వైన్ ఒక గ్లాసు చెప్పండి. వైన్ ఏదైనా 125 మి.లీ. అని అడిగి తీసుకోండి, అడగకపోతే 175 మి.లీ. గ్లాసు రావచ్చు.

కారు ఇంట్లోనే ఉంచండి. బండి నడిపేవారికి ఇంగ్లండులో మద్యం పరిమితి 100 మి.లీ. రక్తానికి 80 మి.గ్రా., మన దేశంలో 30 మాత్రమే. ఆ తేడా చూసి ఒక గ్లాసుకు ఏమవుతుందిలే అనుకునేవారిని చాలామందిని చూశాను. రీడింగ్ నుంచి ఎలిజబెత్ లైన్ రైల్లో నేరుగా ట్యాప్లో వెళ్లవచ్చు, అక్కడి నుంచి టాక్సీ. తిరుగు టాక్సీ కూడా పొద్దున్నే బుక్ చేయాలి, ఆ పల్లెదారుల్లో చేయి ఊపితే ఆగే బండి ఉండదు.

బిల్లులో సర్వీసు చార్జీ ముందే కలిపి ఉంటే మళ్లీ టిప్పు ఇవ్వనక్కరలేదు. 2024 అక్టోబరు నుంచి ఆ సొమ్మంతా సిబ్బందికే చేరాలన్న చట్టం అమలులో ఉంది. పెళ్లిరోజు అన్న మాట బుకింగ్‌లోనే రాయండి. పళ్లెం మీద చాక్లెట్‌తో శుభాకాంక్షలు రాసి పంపడం చాలాచోట్ల ఉచితంగానే చేస్తారు, అయితే దాని మీద పెట్టే కేకులో గుడ్డు ఉండకూడదని అక్కడే చేర్చండి.